క్షీరనీర వివేకము – చెన్నపురి ఆహారశుద్ధి శాసనముల కథ

పెరంబూరు పేరు వినగనే ఎవరికైనను రైలుపెట్టెలు జ్ఞప్తికి వచ్చును. 1856లో మద్రాసు రైల్వే కంపెనీవారు ఇచ్చట తమ కర్మాగారమును నెలకొల్పిరి. ఆ చెంతనే 1876లో బకింగ్‌హామ్ మిల్లును, 1881లో కర్ణాటిక్ మిల్లును వెలసినవి. 1955 అక్టోబరు 2వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీకి ప్రారంభోత్సవము గావించిరి. ఈ పనులను, వీనిని ఆశ్రయించిన వర్తకములను నమ్ముకొని తెలుగు జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు పెరంబూరునందును, సెంబియము, అయనావరము ప్రాంతములందును తరతరములుగా నివసించుచున్నవి. వారి చరిత్ర వ్రాయువారు ఉద్యోగములను గూర్చియు, దేవాలయములను, భజన సమాజములను గూర్చియు వ్రాయుట కద్దు. అయితే ఆ కుటుంబములు నిత్యము భుజించిన అన్నమునకును, త్రాగిన పాలకును ఒక చరిత్ర కలదు. ఆ పాలలో నీళ్ళెన్ని, ఆ నేతిలో నెయ్యి యెంత, ఆ కారములో ఎరుపు ఎచ్చటిది అను ప్రశ్నలకు రాజ్యము సమాధానము వెదకిన తీరే ఆ చరిత్ర.

పాలను నీళ్ళను వేరుచేయగల శక్తి హంసకు కలదని మన కవిసమయము. నగరములలో హంసలు లేవు. ఆ పనిని శాసనమును, ప్రయోగశాలయు చేయవలసి వచ్చినది.

కల్తీ నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందే ధాన్యము, నూనె, ఉప్పు, మందు మొదలగువానిలో సరిపోలు హీనద్రవ్యములను కలిపి అమ్మువానికి 12 పణముల దండనము విధింపబడినది. చెన్నపట్టణమున బజారు వ్యవహారములపై తొలినాళ్ళలో కొత్వాలునకు అధికారముండెడిది. జార్జిటౌనులోని కొత్వాలు చావడి ఆ పేరును నేటికిని నిలుపుకొన్నది. ఆ చావడి మన తెలుగు వైశ్యుల శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి ఆస్తియగుట ఇచ్చట గమనింపదగినది. కూరగాయల టోకు వర్తకము 1996లో కోయంబేడునకు తరలిపోవువరకు నగరమునకు శాకపాకములు ఆ చావడినుండియే చేరెడివి.

పల్లెలో పాలు పోయువాని పెరటిలోని పాడి మన కన్నులకు కనబడును. అతడు నీళ్ళు కలిపినచో ఊరంతయు ఎరుగును. ఊరి నోటికి వెరచియైన అతడు హద్దులో నుండును. పట్టణములో అట్లు కాదు. అమ్మువాడు కొన్నవాని నుండి, అతడు మరియొకని నుండి తెచ్చును. మూలమెచ్చటనో కొనువానికి తెలియదు. పరిచయము తెగినచోట నమ్మకమునకు బదులుగా తనిఖీ కావలసివచ్చెను. ప్రపంచమున ఆహారశుద్ధి శాసనములన్నియు పట్టణములు పెరిగిన పిమ్మట పుట్టినవగుటకు ఇదియే కారణము.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ అక్కుమ్ అను రసాయనశాస్త్రవేత్త 1820లో కల్తీలపై ఒక గ్రంథము ప్రకటించి సంచలనము కలిగించెను. 1851 మొదలు 1854 వరకు ఆర్థర్ హిల్ హాస్సల్ అను వైద్యుడు లండను అంగళ్ళలో సరకులు కొని, సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆ ఫలితములను వర్తకుల పేర్లతో సహా లాన్సెట్ అను వైద్యపత్రికలో వెల్లడించెను. 1860లో మొదటి కల్తీ నిరోధక శాసనము వచ్చినను అది బలహీనముగనుండుటచే 1875లో సమగ్రమైన శాసనము చేయవలసివచ్చెను. ప్రభుత్వ నియుక్తుడైన పబ్లిక్ అనలిస్టు, శాస్త్రోక్తముగ తీసిన మచ్చు, దానిపై నివేదిక అను పద్ధతి అచ్చట కుదురుకొని, అచ్చటినుండియే మనకు దిగుమతియైనది.

మనదేశమున 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 272, 273 సెక్షనులు ఆహారపు కల్తీని గూర్చినవే. అయితే వానిలో ఒక చిక్కు కలదు. కలిపిన పదార్థమువలన ఆహారము హానికరమైనపుడే నేరమగును. పాలలో కలిపిన మంచినీరు ఎవరికిని విషము కాదు. కనుక చంటిబిడ్డ పాలలో సగము నీరు పోసినవాడు ఆ సెక్షనులకు చిక్కడు. బిడ్డకు దక్కవలసిన పోషణ దక్కకపోవుట మాత్రము ఆ శాసనము కంటికి ఆనలేదు. ఈ లోపమును పూరించుటకే వేరు శాసనములు అవసరమైనవి.

మద్రాసు రాజధానిలో అట్టి శాసనము 1918లో వచ్చినది. అది ఆ సంవత్సరపు 3వ చట్టము, మద్రాసు కల్తీ నిరోధక శాసనము. ఆ సంవత్సరము పెరంబూరు చరిత్రలో మరచిపోరానిది. యుద్ధకాలపు ధరలు మిన్నుముట్టియుండెను. ఏప్రిల్ 27వ తేదీన బి. పి. వాడియాగారి అధ్యక్షతన మద్రాసు లేబర్ యూనియన్ ఇచ్చటి మిల్లు కార్మికులతో ఏర్పడెను. దానికి పునాదులు వేసినవారిలో సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడుగార్లు ముఖ్యులు. సెప్టెంబరులో నగరమున ధాన్యపు అంగళ్ళు దోపిడికి గురియైనవి. ధర పెరిగినపుడు కల్తీయు పెరుగును. కూలివాడు అగ్గువకు దొరకు సరకును వెదకును, అగ్గువ సరకులోనే కల్తీ దాగియుండును. కార్మికుడు కూలికొరకు పోరాడిన యేడే కూడు శుద్ధిగా ఉండవలెనన్న శాసనమును పుట్టినది. ఈ రెంటిని కలిపి చూచినవారు అరుదు. నాడు రాజధాని ఒక్కటియే గనుక గుంటూరు నేతికిని, పెరంబూరు పాలకును ఒకే చట్టము వర్తించెను.

పిమ్మట 1939లో మద్రాసు ప్రజారోగ్య శాసనము వచ్చినది. దేశమున ఈవిధమైన సమగ్ర శాసనములలో ఇది మొదటిది. గిండీలో 1899లో స్థాపితమైన కింగ్ ఇన్‌స్టిట్యూటు ఆవరణమునందే నేటికిని ప్రభుత్వ ఆహార పరీక్షాశాల కలదు. 1937లో కేంద్రప్రభుత్వము వ్యవసాయోత్పత్తుల వర్గీకరణ, ముద్రాంకన శాసనము చేయగా, పరీక్షించిన నేతి డబ్బాపై 'అగ్మార్క్' చీటీ అంటించు ఏర్పాటు కలిగెను. ఆ దశకమునందే వనస్పతి మన బజారులను ముంచెత్తినది. చూపునకు నేతివలె పూసకట్టుచు, ధరలో నేతికంటె ఎంతయో తక్కువగు ఆ పదార్థము నేతిలో కలిసిన కనిపెట్టుట కష్టము. దీనికి విరుగుడు మన వంటింటిలోనే దొరకినది. తయారగు ప్రతి వనస్పతిలోను నూటికి 5 వంతులకు తక్కువ కాకుండ నువ్వులనూనె కలపవలెనని నియమము చేసిరి. నువ్వులనూనెయున్న పదార్థమునకు హైడ్రోక్లోరికామ్లమును, ఫర్‌ఫ్యురాల్‌ను చేర్చి కదిపినచో ఎర్రని రంగు తేలును. దీనికి బౌడాయిన్ పరీక్ష యని పేరు. నేతికి ఆ రంగు వచ్చినచో అందు వనస్పతి కలిసినదని అనుమానింపవచ్చును. దొంగకు ముందుగనే గుర్తు పెట్టి విడిచినట్టి యుక్తి ఇది.

పాల పరీక్షయు ఇట్లే ఎత్తుకు పైయెత్తుగ సాగినది. లాక్టోమీటరు పాల సాంద్రతను కొలుచును. నీరు పోసినచో సాంద్రత తగ్గును, పరికరము మునుగును. కాని వెన్న తీసినచో సాంద్రత పెరుగును. కనుక వెన్న తీసి, పిమ్మట కొలతగా నీరు పోసిన గడసరి చేతిలో లాక్టోమీటరు మోసపోవును; రెండు దొంగతనములు ఒకదానినొకటి కప్పిపుచ్చును. అందుచే కొవ్వును వేరుగ కొలుచు గెర్బర్ పద్ధతి, 1891లో వెలసినది, పరీక్షాశాలలలో స్థిరపడెను. కొవ్వు ఎంత, కొవ్వు కాని ఘనపదార్థమెంత అని రెంటిని చూచినగాని పాలను గూర్చి తీర్పు చెప్పరాదు. 1955 నియమములు చాల రాష్ట్రములలో ఆవుపాలకు 3.5 శాతము కొవ్వును, 8.5 శాతము ఇతర ఘనపదార్థమును కనీస ప్రమాణముగ విధించినవి.

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము పిదప 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా చెన్నపురిలోని తెలుగువారు అల్పసంఖ్యాకులైరి. రాష్ట్రములు రెండైనవి, అయినను కల్తీ సరకునకు పొలిమేరలు లేవు. ఆహారపు కల్తీ రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలో 18వ అంశముగ నుండుటచే పార్లమెంటు 1954లో ఆహార కల్తీ నిరోధక శాసనము చేసెను. 1955 జూన్ 1న అది అమలులోనికి వచ్చి, రాష్ట్రముల పాతశాసనముల స్థానమును ఆక్రమించెను. నెల్లూరులో మూటగట్టిన కారమును పెరంబూరులో విప్పినను ప్రమాణమొక్కటియే అయినది.

ఈ శాసనమునకు ప్రాణము మచ్చు తీయు విధానమున కలదు. ఫుడ్ ఇన్‌స్పెక్టరు సరకును ఊరక ఎత్తుకొనిపోరాదు. బజారు ధర చెల్లింపవలెను. సాక్షిని పిలువవలెను. పరీక్షకై తీసికొనుచున్నానని అచ్చటనే వ్రాతమూలముగ తెలుపవలెను. మచ్చును మూడు భాగములు చేసి, శుభ్రమైన పొడి సీసాలలో పోసి, బిరడా బిగించి, దళసరి కాగితము చుట్టి, దారము కట్టి, లక్కతో తక్కువలో తక్కువ నాలుగు ముద్రలు వేయవలెను. తలపై ఒకటి, అడుగున ఒకటి, నడుమ రెండు. పాలు విరిగిపోకుండ 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల చొప్పున ఫార్మలిన్ చేర్చవలెను. మొదటి శాసనము ప్రకారము ఒక సీసా అమ్మినవానికి, ఒకటి పబ్లిక్ అనలిస్టునకు. మూడవది ఇన్‌స్పెక్టరు వద్ద భద్రముగ నుండవలెను. అనలిస్టు తీర్పు తప్పని తోచినచో అమ్మినవాడు కోర్టుద్వారా కేంద్ర ఆహార ప్రయోగశాలకు పంపించుకొనవచ్చును. ఆ శాల నివేదికదే పైచేయి. 1976 సవరణతో అమ్మినవాని చేతికి సీసా యిచ్చు పద్ధతి మారి, రెండు భాగములు స్థానిక ఆరోగ్యాధికారి వద్దకు చేరినవి.

ఇంతటి తంతు ఎందులకని చదువరులకు తోచవచ్చును. పాలచెంబుతో వీధిలో నిలిచిన పేదమనిషికిని, నగరపు అధికారబలమునకును నడుమ రక్షగా నున్నవి ఆ లక్కముద్రలే. 1967లో సుప్రీముకోర్టు ఘీసారామ్ అనువాని కేసున ఈ విషయమును స్పష్టపరచినది. ఢిల్లీలో ఆవుపెరుగు మచ్చు తీసి, కేసు పెట్టుటలో జాగుచేయగా, అతడు రెండవ పరీక్ష కోరునాటికి పెరుగు చెడిపోయెను. తన నిర్దోషిత్వమును నిరూపించుకొను హక్కు అధికారుల ఆలస్యముచే నశించినది గనుక అతనిని శిక్షింపరాదని తీర్పయ్యెను.

మరి అమ్మినవాడు, నేను కలపలేదు, నాకు తెలియదు అన్నచో? ఈ ప్రశ్నను ఢిల్లీవరకు తీసికొనిపోయినవారు మన ఆంధ్రప్రదేశ్ వర్తకులే. తెలియక అమ్మినవానిని సైతము శిక్షించు ఈ శాసనము రాజ్యాంగ విరుద్ధమని ఆంధ్రప్రదేశ్ గ్రెయిన్ అండ్ సీడ్ మర్చంట్స్ అసోసియేషన్ వాదించెను. 1970లో సుప్రీముకోర్టు శాసనమునే సమర్థించినది. తయారుచేసినవానినుండియో, పంపిణీదారునుండియో వారంటీతో కొని, సరకును సరిగ భద్రపరచి, కొన్న స్థితిలోనే అమ్మినవానికి శాసనమునందే రక్షణ కలదు. బిల్లు అడిగి పుచ్చుకొన్న చిల్లర వర్తకుడు ఈ రక్షణ పొందగలడు. నోటిమాటపై సరకు తెచ్చుకొన్నవాడు పొందలేడు. వారంటీతో తప్పించుకొనగల పెద్దవర్తకునికంటె బిల్లులేని చిన్నవర్తకుడే శిక్షకు గురియగుట ఈ శాసనమునందు తీరని లోటు. 1964లో కనీసపు శిక్ష 6 నెలల జైలుగ నిర్ణయమయ్యెను. 1976లో కల్తీవలన మరణము సంభవించినచో యావజ్జీవ శిక్షవరకు పెరిగెను. శిక్ష పెరిగినకొలది రుజువు విషయమున కోర్టులు మరింత కఠినముగ వ్యవహరించుట సహజమే.

2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల శాసనము 2011 ఆగస్టు 5న అమలులోనికి వచ్చి పాతదానిని తొలగించెను. తమిళనాట నగరపాలక, పురపాలక సంఘముల క్రిందనుండిన తనిఖీ వ్యవస్థ ఆహార భద్రతా శాఖ క్రిందికి వచ్చినది. ఇపుడు మచ్చును నాలుగు భాగములు చేయుదురు: ఒకటి ఫుడ్ అనలిస్టునకు, రెండు నిర్ణీతాధికారికి, నాలుగవది వర్తకుడు కోరినచో గుర్తింపు పొందిన మరియొక ప్రయోగశాలకు. నివేదిక 14 దినములలో రావలెను. దానిపై 30 దినములలో అప్పీలు చేసికొనవచ్చును. పాతశాసనమున ప్రమాణము తగ్గినదంతయు కల్తీయే. క్రొత్తది మూడు తరగతులను విడదీసినది. ప్రాణహానికరమైనచో జైలు, నాణ్యము తక్కువైనచో 5 లక్షల రూపాయలవరకు, లేబులులో తప్పు చెప్పినచో 3 లక్షలవరకు జరిమానా. పెరంబూరు నేడు చెన్నై కార్పొరేషనులో తిరు. వి. క. నగర్ మండలమున నున్నది. 1918లో వాడియాగారితో కలిసి మిల్లు కార్మికులకై పాటుపడిన కల్యాణసుందరముగారి పేర ఏర్పడిన మండలమది.

ఇన్ని శాసనముల పిదప పాలు శుద్ధములైనవా? 2018లో దేశవ్యాప్తముగ 6,432 పాల మచ్చులను పరీక్షించిరి. వానిలో 93 శాతము త్రాగుటకు సురక్షితములని తేలినది. 41 శాతము మాత్రము కొవ్వు, ఘనపదార్థము మొదలగు ఏదో ఒక నాణ్యతాప్రమాణమున తగ్గినవి. యూరియా, డిటర్జెంటు వంటివి కలిపినవి పండ్రెండే. జనులు భయపడినంత విషము లేదని సంతోషింపవచ్చును. కాని మరియొక సంగతి బయటపడెను. అఫ్లటాక్సిన్ ఎమ్1 అను విషపదార్థము హద్దుమీరినవి దేశమంతట 368 మచ్చులు కాగా, వానిలో 88 తమిళనాటివి. రాష్ట్రములన్నిటిలోను ఇదియే హెచ్చు. బూజుపట్టిన దాణానుండి పశువునకు, పశువునుండి పాలకు అది చేరును. ఇచ్చట పాలమనిషి చేయి లేదు, లాక్టోమీటరు చూపు ఆనదు. తనిఖీ వీధినుండి దాణా గిడ్డంగివరకు పోవలసియున్నది.

కారము సంగతియు ఇట్టిదే. 2003లో ఫ్రాన్సు దేశమున భారతదేశపు మిరప సరకులో సూడాన్ అను నిషిద్ధ రంగు కనబడెను. 2005లో బ్రిటనులో ఆ రంగున్న కారము కలిసిన వందలకొలది ఆహార పదార్థములను అంగళ్ళనుండి వెనుకకు తీసికొనిరి. గుంటూరు మిరపపంటపై బ్రతుకు రైతు ఏ రంగును కలుపలేదు. అయినను మన మిరపయంతయు అనుమానమునకు పాత్రమయ్యెను. 2024లో తిరుమల లడ్డూల నేతిపై వివాదము రేగినపుడు సుప్రీముకోర్టు అక్టోబరు 4న ప్రత్యేక దర్యాప్తు బృందమును ఏర్పరచినది. అంతకుముందు విచారణలో న్యాయమూర్తులు అడిగిన ప్రశ్న, పరీక్షింపబడిన నెయ్యియే లడ్డూలలో వాడబడెనా అనునది. 1955 నాటి లక్కముద్రల వెనుకనున్న ప్రశ్నయే అది.

ఇక లేబులు మాట. శాసనము ఎంత పెరిగినను దాని చివరి అంచు కొనువాని కన్నులవద్ద ముగియును. డబ్బాపై వివరములు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండవలెనని పాతనియమము. క్రొత్త నియమములును అట్లే యున్నవి. ఇతర భాషలు చేర్చుకొనవచ్చును, నిర్బంధము లేదు. చెన్నపురి తమిళ గృహిణికే ఈ కష్టము కలదు. తెలుగు మాత్రమే చదువనేర్చిన మన ఇంటి పెద్దల సంగతి చెప్పనేల? బజారులో నువ్వులనూనె సీసా పక్కనే దీపారాధన నూనె సీసా అదే రంగులో, అదే ఆకారములో కూర్చుండును. ఇది తినుటకు పనికిరాదని చిన్న అక్షరములలో ఒక మూల వ్రాయబడియుండును. అమ్మినవాడు శాసనమును పాటించినట్లే. కాని చదువలేని బామ్మ చేత ఆ నూనె బాణలిలో పడినచో ఆ రక్షణ ఎవరిని రక్షించినట్లు? 1998లో ఢిల్లీ ప్రాంతమున ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి సుమారు 60 మంది మరణింపగా, ఆ యేటనే వంటనూనెలను ప్యాకెట్లలోనే అమ్మవలెనని ఉత్తరువు వచ్చినది. చీటీలేని నూనె ప్రమాదమని దేశము ఆనాడు తెలిసికొన్నది. చదువలేని చీటీయు చీటీలేనిదానితో సమానమేయని ఇంకను తెలిసికొనవలసియున్నది.

కనుక ఈ విషయమున మన సంఘములు చేయదగిన పని కలదు. లేబులులపై ప్రాంతీయభాష నిర్బంధము కావలెనని తమిళ సోదరులతో కలిసి కోరుట మొదటిది. ఇందు వారికిని మనకును వైరుధ్యము లేదు. అంతవరకు ఇంటిలో చదువుకొన్న పిల్లలు సరకు వచ్చిన దినముననే సీసాలను, డబ్బాలను పెద్దలకు చదివి వినిపింపవలెను. పేరు, తయారైన తేదీ, గడువు, 14 అంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారమైనచో ఆకుపచ్చ గుర్తు, ఇవి చాలును. దీపపు నూనెకు వంటింటిలో తావీయరాదు. బిల్లు అడుగవలెను. శాసనపు 40వ సెక్షను ప్రకారము అనుమానము కలిగిన కొనుగోలుదారు ఎవరైనను, కొనునపుడే వర్తకునికి తెలియజేసి, రుసుము చెల్లించి, సరకును ఫుడ్ అనలిస్టుచే పరీక్షింపించుకొనవచ్చును. సరకు శాసనవిరుద్ధమని తేలినచో ఆ రుసుము తిరిగి వచ్చును. 1954 శాసనమున 12వ సెక్షనుగ ఉండిన ఈ హక్కు డెబ్బది సంవత్సరములుగ మన చేతిలో నున్నది. దానిని వాడిన కుటుంబములు మనలో ఎన్ని యున్నవో ఈ సంచికను చదివినవారు తమ ఇంటనే విచారించుకొందురు గాక.